ముప్పావు లీటరుతో గోదావరికి

గోదావరి జిల్లాలకు వెళ్ళి వచ్చానని తెలియగానే మా వీధిలో అందరూ ఒకటే అడిగారు, పూతరేకులు తెచ్చారా అని. తెచ్చాను. రెండు డబ్బాలు పంచాను. మిగతా సంగతి ఎవరూ అడగలేదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

మాది అనంతపురం జిల్లా. హైస్కూల్లో ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పాను. ఏటా ఎనిమిదో తరగతికి బోర్డు మీద గోదావరి గీసేదాన్ని. ధవళేశ్వరం దాటాక గీతను పాయలుగా చీల్చి, సముద్రం దాకా నీలం సుద్దముక్కతో లాగి, "ఇదంతా డెల్టా" అని పిల్లల చేత పలికించేదాన్ని. ఆ నదిని ఒక్కసారి కూడా చూడలేదు. రిటైరయ్యాక చూద్దాంలే అనుకుంటుండగా కిడ్నీలు పోయాయి.

అవి ఎలా పోయాయో దాచడానికేం లేదు. మా బడిలో ఆడవాళ్ళకి ఉన్న ఒక్క మరుగుదొడ్డికి చాలా ఏళ్ళు తలుపు లేదు. తలుపు పెట్టించాక నీళ్ళు లేవు. పొద్దున ఇంట్లో కాఫీ తాగి బయలుదేరితే సాయంత్రం ఇల్లు చేరేదాకా గుక్కెడు నీళ్ళు ముట్టేదాన్ని కాదు. మొదట మంట, ఆ తర్వాత చలిజ్వరాలు, ఆ తర్వాత రాళ్ళు, ఆపరేషను, మళ్ళీ రాళ్ళు. యాభై ఆరో ఏట ఉద్యోగం మానుకున్నాను. ఇప్పుడు సోమవారం, గురువారం డయాలసిస్. ఒంట్లో చేరిన నీరు బయటికి పోయే దారి లేదు కాబట్టి లోపలికి పోయేదానికి కొలత పెట్టారు. రోజుకి ముప్పావు లీటరు. కాఫీ, చారు, మజ్జిగ, మాత్ర మింగే నీళ్ళు అన్నీ అందులోనే. తాగాల్సిన వయసులో తాగలేదు. ఇప్పుడు ప్రాణం పీకుతున్నా తాగకూడదు.

డాక్టరు మొదట వద్దన్నాడు. తర్వాత, "గురువారం చేయించుకుని వెళ్ళండి, సోమవారానికి ఇక్కడుండాలి" అన్నాడు. తోడు మా చెల్లెలు రాజి వచ్చింది. టైలరింగు చేస్తుంది, కొలతలు దానికి బాగా వచ్చు. ఒక సీసా మీద గోళ్ళరంగుతో గీతలు గీసి, దాన్ని తన సంచిలోనే పెట్టుకుంది.

నది ఒక్కటే కాదు, ఇంకో కారణం కూడా ఉంది. అరుణ.

అరుణ నా శిష్యురాలు. ఎనిమిది నుంచి పది దాకా నా దగ్గర చదివింది. మా వైపు చీనీకాయల లోడుకి వచ్చిన లారీ డ్రైవరు సూరిబాబుని ఇష్టపడి పెళ్ళి చేసుకుని భీమవరం దగ్గర పల్లెకి వెళ్ళిపోయింది. చీనీకాయని అక్కడ బత్తాయి అంటారని, పెళ్ళయిన కొత్తలో ఫోన్ చేసి నవ్వుతూ చెప్పింది. ప్రతి గురుపూజోత్సవం నాడూ ఫోన్ చేస్తుంది. "ఒక్కసారి మా ఇంటికి రండి టీచర్, గోదావరి చూపిస్తా" అని పన్నెండేళ్ళుగా పిలుస్తోంది.

రాజమండ్రి

శుక్రవారం పొద్దున దిగాం. స్టేషన్ దగ్గర హోటల్లో కూర్చున్నామో లేదో, సర్వరు రెండు గ్లాసుల నీళ్ళు పెట్టాడు. యాభై దాటినవాడు, నుదుట బొట్టు, భుజాన తువ్వాలు. నేను పెసరట్టు తింటూ గ్లాసు ముట్టకపోతే నీళ్ళు బాగాలేవనుకున్నాడు కాబోలు, గ్లాసు మార్చి కొత్తది తెచ్చాడు.

"మినరల్ వాటరేనండి. తీసుకోండమ్మా."

"వద్దండి, చాలు."

"ఎండలో తిరుగుతారు కదండి. మంచినీళ్ళు తాగకపోతే ఎలాగండి?"

రాజి సంచిలోంచి సీసా తీసి ఒక గీత మేర మూతలో పోసి నాకిచ్చింది. మాత్ర వేసుకున్నాను. అతను ఆ మూత వంకా నా ముంజేతి మీద డయాలసిస్ సూదులకి ఉబ్బిన నరం వంకా చూశాడు. పెసరట్టు ఎనభై రూపాయలు. బిల్లు తెచ్చినప్పుడు మెల్లగా, "మా అన్నయ్య కూడా రెండేళ్ళు చేయించుకున్నాడండి" అన్నాడు. ఆ తర్వాత ఏమైందని నేను అడగలేదు, అతను చెప్పలేదు.

ఘాట్ కి నడిచాం. నేను బోర్డు మీద గీసింది వేలెడు గీత. ఇక్కడ అవతలి గట్టు కూడా సరిగా ఆనలేదు. రైలు బ్రిడ్జి మీద బండి పోతుంటే దాని చప్పుడు నీళ్ళ మీదుగా ఆలస్యంగా వచ్చింది. ఇంత నీరు చూస్తే మనసు చల్లబడుతుందని ముప్పై ఏళ్ళు అనుకున్నాను. నాలుక పిడచకట్టింది, అంతే. మా ఊళ్ళో వారానికొకసారి కొళాయి వస్తుంది. బిందెలు వరసలో పెట్టి పుట్టినప్పటి నుంచీ నీళ్ళు కొలుచుకు బతికినవాళ్ళం మేము. అక్కడి దాహానికి ఒక న్యాయం ఉంది. నీళ్ళు లేవు, తాగలేదు. ఇక్కడ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి దాహంతో ఉన్నాను.

పక్కనే స్నానం చేసి చీర పిండుకుంటున్న పెద్దావిడ దోసిలి పట్టమంది. "గోదారమ్మ నీళ్ళు మూడు గుక్కలు పుచ్చుకోండి. ఏ రోగమూ అంటదు."

ఆమె ముఖం చూసి కాదనలేక దోసిలి పట్టాను. గుటక వేసిన చప్పుడు విని రాజి వెనకనుంచి అంది: "అక్కా, నీ లెక్కలోంచి యాభై మిల్లీ తీసేసినా."

కాలవ గట్టున

మధ్యాహ్నం బస్సులో పడమటికి వెళ్ళాం. రోడ్డు పక్కనే కాలవ, కాలవ అవతల వరి, వరి తర్వాత చెరువులు. మొదట అవన్నీ మంచినీళ్ళ చెరువులనుకున్నాను. నీళ్ళను చిలుకుతూ చక్రాలు తిరుగుతుంటే పక్క సీటాయన చెప్పాడు, అవి రొయ్యల చెరువులని. "ఆ నీళ్ళు గొడ్డు కూడా తాగదండి. మా బోర్లన్నీ ఉప్పెక్కిపోయాయి." ప్రతి ఊళ్ళోనూ నీళ్ళ ప్లాంటు ముందు ఇరవై లీటర్ల టిన్నులు పెట్టుకుని మనుషులు నిలబడి ఉన్నారు. టిన్ను పదిహేను, ఇరవై రూపాయలు. కాలవ పక్కన ఇల్లు కట్టుకుని నీళ్ళు కొనుక్కునేవాళ్ళని చూసి మా కరువు నాకు ఏమంత గొప్పగా అనిపించలేదు.

అరుణ బస్టాపులోనే ఉంది. పన్నెండేళ్ళలో చిక్కి సగమైంది. ముప్పై మూడేళ్ళ పిల్ల ముఖాన పాలిపోయిన పసుపు. కాళ్ళకి దండం పెట్టి లేస్తూ నడుం పట్టుకుంది. నేను చూశానని గమనించి, "ఏంటి టీచర్, అలా చూస్తున్నారు? నిలబడి పని కదా" అని నవ్వేసింది.

వాళ్ళ ఇంట్లో గుమ్మం దాటగానే అత్తగారు పళ్ళెంలో నీళ్ళ గ్లాసు తెచ్చింది. మా వైపు "నీళ్ళు తాగుతారా" అని అడుగుతారు. ఇక్కడ అడగరు, ఇస్తారు. తర్వాత కొబ్బరిబొండాం వచ్చింది. అది నాకు నీళ్ళకంటే ప్రమాదం. కొబ్బరినీళ్ళలోని పొటాషియం గుండెని పట్టేస్తుంది. రెండూ కాదంటే ఆవిడ చిన్నబుచ్చుకుంది. అరుణ లోపలికి తీసుకెళ్ళి చెప్పాక తిరిగొచ్చి నా పక్కన కూర్చుని, "అయ్యో తల్లీ, నీళ్ళు కూడానా" అని నా చెయ్యి నిమిరింది. ఆ చెయ్యి అలా ఉంటే నాకు ఏడుపొచ్చింది.

సూరిబాబు భారీ మనిషి, మాట మాత్రం మెత్తన. పెరట్లోకి తీసుకెళ్ళి బాత్రూమ్ చూపించాడు. "టైల్స్ వేయించానండి టీచరు గారూ. మీ అనంతపురం నుంచి పిల్లని తెచ్చుకున్నాను, ఇబ్బంది పెట్టకూడదని ముందు ఇదే కట్టించాను." నిజంగానే శుభ్రంగా ఉంది.

అరుణ రొయ్యలు వలిచే ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. నాకోసం ఉప్పు లేకుండా విడిగా వండిన కూర వడ్డిస్తూ పని సంగతి చెప్పింది. ఐసు మీద చేతులు పెట్టి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడాలి. ఎన్ని కిలోలు వలిస్తే అంత కూలి. దొడ్డికి వెళ్ళాలంటే సూపర్‌వైజర్ని అడగాలి, టోపీ, గ్లౌజులు, ఏప్రాను, బూట్లు అన్నీ విప్పాలి. వచ్చాక మందు నీళ్ళలో కాళ్ళూ చేతులూ కడుక్కుని మళ్ళీ అన్నీ తొడుక్కోవాలి. అంతమంది ఆడవాళ్ళకి రెండే దొడ్లు.

"మరి ఎట్లా?" అంది రాజి.

"నేను అసలు వెళ్ళనక్కా. నీళ్ళే తాగను." ఎవరో మెచ్చుకున్నట్టు నా వైపు తిరిగి నవ్వింది. "మిగతావాళ్ళు గంటకోసారి పరిగెత్తుతుంటే మా సూపర్‌వైజరు నన్నే చూపిస్తాడు. మా టీచర్ నేర్పారండీ అని చెప్తాను. గుర్తుందా టీచర్? బడికి వచ్చేటప్పుడు ఇంట్లో గ్లాసుడు తాగి రండి, మళ్ళీ ఇంటికెళ్ళే తాగండి, మధ్యలో ఎవరూ బయటికి అడక్కండి అనేవారు. ఆ అలవాటు నాకు ఎంత మేలు చేసిందో."

గుర్తుంది. ఆడపిల్లలందరినీ ముందు వరసలో కూర్చోబెట్టి చెప్పేదాన్ని. బడి వెనక ముళ్ళపొదల్లోకి వెళ్తే మగపిల్లలు రాళ్ళు విసిరేవాళ్ళు. వాళ్ళ మర్యాద కాపాడుతున్నాననుకున్నాను. నేను చేస్తున్నదే వాళ్ళకీ చెప్పాను. చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. రాజి నా వైపు చూడలేదు.

ముద్ద కంచంలో పెట్టి అడిగాను. "మంటగా ఉంటుందా?"

"అప్పుడప్పుడు. మెడికల్ షాపులో మాత్రలిస్తారు."

"జ్వరం?"

"చలితో వస్తుంది టీచర్. రెండు రోజుల్లో పోతుంది."

"నడుంలో నొప్పి కుడివైపా, ఎడమవైపా?"

ఆమె చెయ్యి ఎడమవైపుకి వెళ్ళింది. నాకూ అటే మొదలైంది.

భీమవరం

శనివారం ఆమె పనికి వెళ్ళాలి. నేను వెళ్ళనివ్వలేదు. "నువ్వు రాకపోతే నేను ఇప్పుడే రైలెక్కుతా" అని మొండికేశాను. సూరిబాబు భయపడి ఆటో పిలిచాడు. భీమవరంలో రక్తం, మూత్రం ఇచ్చి, స్కానింగు చేయించుకుని, బజార్లో రెండు గంటలు తిరిగాం. అరుణ నాకు చేపల మార్కెట్టు, లేసు దుకాణాలు చూపించాలని ఉబలాటపడింది. నేనేం చూశానో నాకు గుర్తులేదు.

రిపోర్టు కవరు నేనే తీశాను. అలాంటి కాగితాలు చదవడం నాకు అలవాటు. కిడ్నీలు ఎంత పాడయ్యాయో చెప్పే క్రియాటినిన్ అన్నచోటికే కళ్ళు వెళ్ళాయి. ఒకటి పాయింట్ ఎనిమిది. నాకు మొట్టమొదట వచ్చినదానికంటే ఎక్కువ.

డాక్టరమ్మ చిన్న వయసామె, ఓపిక ఉంది. ఎడమ కిడ్నీ వాచింది, రాయి ఉంది, ఇన్ఫెక్షను పాతదే అని చెప్పింది. "మందులు రాస్తాను. స్పెషలిస్టు దగ్గరికి వెళ్ళి రాయి తీయించుకోవాలి. కానీ అసలు మందు నీళ్ళేనమ్మా. రోజంతా కొంచెం కొంచెం తాగాలి, వచ్చినప్పుడల్లా వెళ్ళాలి, బిగపట్టకూడదు. ఇప్పుడు జాగ్రత్తపడితే నిలబెట్టుకోవచ్చు."

"పొద్దున్నా సాయంత్రమూ ఇంట్లో తాగితే సరిపోదాండి?" అంది అరుణ.

"సరిపోదు."

ఆటోలో తిరిగి వస్తుంటే సూరిబాబు ముందు కూర్చుని వెనక్కి తిరగలేదు. నేను అరుణ చెయ్యి పట్టుకుని చెప్పాను. "తప్పు నాదేనే. నీళ్ళు తాగొద్దని చిన్నపిల్లలకి నేర్పినదాన్ని నేను. నన్ను చూడు, నేనేమయ్యానో చూడు."

తిడుతుందేమోననుకున్నాను. తిట్టినా బాగుండేది.

"మీరేం చేస్తారు టీచర్. అక్కడ దొడ్డి లేదు కదా." ఆమె నా ముంజేతి మీది ఉబ్బు కనపడకుండా నా పైటకొంగు సర్దింది. "మీరు ప్రేమగా చెప్పారు. ఇక్కడ కసిరి చెప్తారు, అంతే తేడా."

రేవు

ఆదివారం సముద్రం చూపిస్తానని అరుణే పట్టుబట్టింది. వశిష్ఠ పాయ దాటి అవతలి గట్టు మీదుగా వెళ్తే నది సముద్రంలో కలిసే చోటు. నేను ఏటా సుద్దముక్క ఆపే చోటు అదే. మేము పాయ దాటుదామనుకున్న రేవు పేరు రాయను. ఆ ఊరి తప్పేం లేదు, అలాంటివి ఎన్నో ఉంటాయి.

బయలుదేరేటప్పుడే లీటరు సీసా కొని అరుణ చేతిలో పెట్టాను. మళ్ళీ టీచర్నయ్యాను. బస్సులో ప్రతి పావుగంటకీ "తాగు" అన్నాను. ఆమె బుద్ధిగా తాగింది. ఆమె గొంతు కదులుతుంటే చూస్తూ నేను పెదాలు తడుపుకున్నాను. రేవు చేరేసరికి సీసా ఖాళీ. నాకు గర్వంగా కూడా అనిపించింది. ఇన్నాళ్ళకి ఒక పాఠం దిద్దానని.

అక్కడ పంటు ఆగిపోయి ఉంది. పంటు అంటే మనుషుల్నీ బళ్ళనీ కలిపి దాటించే పెద్ద బల్లకట్టు పడవ. ఇంజను పాడైంది, మెకానిక్కు వస్తున్నాడన్నారు. ఎండ. మనుషులు చెట్టు నీడకీ, టీ బడ్డీ రేకు కిందకీ సర్దుకున్నారు. అరగంట, ముప్పావుగంట. అరుణ మాట తగ్గించింది. తర్వాత రాజి చెవిలో ఏదో అంది.

రేవు పక్కనే సిమెంటు గది ఉంది, గోడ మీద ఆడబొమ్మ కూడా వేసి ఉంది. తలుపుకి తాళం. టీ బడ్డీ ఆయన్ని అడిగాను.

"తాళం ఎవరి దగ్గర ఉందోనండి. కట్టిన కాణ్ణుంచి తీసింది నేను చూళ్ళేదు."

"మరి ఆడవాళ్ళు?"

ఆయన ఇబ్బందిగా గ్లాసులు కడగడం మొదలుపెట్టాడు. "అటు గట్టు దిగి వెళ్తారండి."

గట్టు దిగి వెళ్ళాం. ఒకవైపు రొయ్యల చెరువులు, కాపలావాళ్ళ పాకలు. ఇంకోవైపు నది, దాని నిండా వలలు సర్దుకునే మగవాళ్ళు. పొద అన్నది లేదు. ఊళ్ళోకి వెళ్ళి మొదటి ఇంటి తలుపు కొడితే కుక్క తప్ప ఎవరూ లేరు. రెండో ఇంటివాళ్ళు, "మాకే లేదండి, కట్టుకుంటున్నాం" అని ఇటుకలు చూపించారు. అరుణ నడవలేకపోతోంది. ఇన్ఫెక్షనుతో ఉన్న మనిషి, లోపల మంట. నేనేమో ఆయాసంతో రెండడుగులకోసారి ఆగుతున్నాను.

చివరికి ఆగి ఉన్న ఒక ఐసు లారీ చాటున రాజి తన చున్నీ, నా శాలువా కలిపి అడ్డం పట్టింది. నేను రెండో కొస పట్టుకున్నాను. అప్పుడే డ్రైవరు వచ్చి, విషయం తెలియక, లారీ స్టార్టు చేసి ముందుకి కదిలించాడు. బడ్డీ దగ్గర కూర్చున్నవాళ్ళంతా ఇటు తిరిగారు. ఒకరిద్దరు నవ్వారు. చాలామంది తల తిప్పుకున్నారు. అది కూడా నవ్వినట్టే ఉంది.

అరుణ లేచి చీర సర్దుకుంది. అంచు తడిసింది. నదివైపు తిరిగి ఏడ్చింది. ఆమె భుజం మీద చెయ్యి వేస్తే మెల్లగా తీసేసింది. పదహారేళ్ళప్పుడు కూడా ఈ పిల్ల ఏడవడం నేను చూడలేదు.

"అందుకే టీచర్, తాగను."

ముప్పై ఏళ్ళు చెప్పినదీ తప్పే, మూడు గంటల నుంచి చెప్తున్నదీ తప్పే.

పంటు బాగైంది. మేము ఎక్కలేదు. సముద్రం చూడకుండానే వచ్చిన బస్సులో వెనక్కి వచ్చాం. ఆ రోజు ఆమె మరి నీళ్ళు తాగలేదు, నేనూ తాగమనలేదు.

ఇంటికి

సాయంత్రం రైలు. సూరిబాబు పూతరేకుల డబ్బాలు తెచ్చి కిటికీలోంచి ఇచ్చాడు. "ఆ పని మానిపించేస్తానండి" అన్నాడు. అరుణ నాతో, "ఇంకెక్కడ చేసినా అంతే కదా టీచర్" అంది. అత్తగారు వేరే డబ్బాలో ఉప్పులేని చేగోడీలు చేసి పంపింది. దారంతా వాటి రుచి నోటికి తెలియలేదు.

సోమవారం బెడ్ మీద పడుకునేసరికి ముఖం, కాళ్ళు ఉబ్బి ఉన్నాయి. నర్సు బరువు చూసి, "ఏం తాగినారమ్మా ఇంత?" అని కోప్పడింది. గోదావరి నీళ్ళు మూడు గుక్కలు అని చెప్తే నమ్మలేదు. ఆ నాలుగు గంటలూ గొట్టంలో నా రక్తం తిరుగుతుంటే చూస్తూ, నేను పాఠం చెప్పిన ఆడపిల్లల పేర్లు హాజరు పట్టీ వరసలో గుర్తుచేసుకున్నాను. లక్ష్మీదేవి, నాగరత్న, షమీమ్, సరళ. వాళ్ళు ఎక్కడున్నారో, ఏ ఆఫీసుల్లో, ఏ బట్టల దుకాణాల్లో నిలబడి పనిచేస్తున్నారో నాకు తెలియదు. ఎంతమంది నా మాట విన్నారో తెలియదు. విననివాళ్ళు కొందరైనా ఉంటారని ఆశ. క్లాసులో మాట వినని పిల్లల కోసం నేను ఆశపడటం అదే మొదలు.

చూడనివాళ్ళు గోదావరి తప్పక చూడండి. చాలా అందమైన నది. ఇంతకంటే చెప్పడం నా వల్ల కాలేదు.

మూడు వారాల తర్వాత నేనే అరుణకి ఫోన్ చేశాను. వెనకాల ఫ్యాక్టరీ చప్పుడు వినిపిస్తోంది, భోజనాల వేళ కాబోలు. మందులు వాడుతున్నానంది. రాయి ఆపరేషను పండక్కి పెట్టుకుంటామంది.

"నీళ్ళు తాగుతున్నావా?" అని అడిగాను.

"తాగుతున్నాను టీచర్" అంది వెంటనే.

హోంవర్కు చేశావా అని ముప్పై ఏళ్ళు పిల్లల్ని అడిగినదాన్ని. ఆ గొంతు నాకు తెలుసు. "సరే అమ్మా" అని ఫోన్ పెట్టేశాను.